బీఈడీ, డీఎల్‌ఈడీ ట్రైనీ టీచర్ల సందేహాలు: కాలేజీలో చేరినప్పటి నుంచి బడి వదిలే రోజు దాకా

మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను లెక్కల టీచర్ని. ఏటా ఇంటర్న్‌షిప్‌కి నలుగురైదుగురు ట్రైనీలు మా బడికి వస్తారు. మొదటి రోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడి "లోపలికి రావచ్చా మేడమ్" అనే దగ్గర్నుంచి, ఆఖరి రోజు రికార్డుల మీద సంతకాలు పెట్టించుకునే దాకా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి చివరికి ఇలా రాసిపెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కోర్సులో చేరేటప్పుడు

బీఈడీ చేయాలా, డీఎల్‌ఈడీ చేయాలా? ఏది మేలు?

ఏ వయసు పిల్లలకు పాఠం చెప్పాలనుకుంటున్నారో ముందు అది తేల్చుకోండి. 1 నుంచి 5 తరగతులకు చెప్పే ఎస్‌జీటీ పోస్టుకు కావలసింది డీఎల్‌ఈడీ. మన పెద్దవాళ్లు ఇప్పటికీ టీటీసీ అనేది దీన్నే. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ, ఆపైన బీఈడీ. 2018లో బీఈడీ వాళ్లకూ ప్రాథమిక తరగతుల్లో అవకాశం ఇచ్చారు గానీ, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి "బీఈడీ పెద్ద కోర్సు కదా, రెండింటికీ పనికొస్తుందిలే" అనే లెక్క ఇప్పుడు నడవదు. డీఎల్‌ఈడీకి ఇంటర్ తర్వాత డీఈఈసెట్, బీఈడీకి డిగ్రీ తర్వాత ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. రెండూ రెండేళ్ల కోర్సులే. బీఈడీ ఒకప్పుడు ఏడాదిలో అయిపోయేది, 2015-16 నుంచి రెండేళ్లు చేశారు.

ఇంకో మాట. ఒకటో తరగతికి చెప్పడం తేలికని, పదో తరగతికి చెప్పడం గొప్పని అనుకునేవాళ్లు ఒక్క పూట ఒకటో తరగతి గదిలో కూర్చుని చూడాలి.

కాలేజీకి వెళ్లకుండా బీఈడీ పూర్తి చేయొచ్చని చెబుతున్నారు. నిజమేనా?

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధన ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. "నాన్ అటెండింగ్" పేరుతో ఇంత అని మాట్లాడుకుని, సంతకాలు ఒకేసారి పెట్టించే చోట్లు ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అలా చదివి వచ్చిన ఒకావిడ ఉద్యోగం వచ్చాక మొదటి నెలంతా తరగతి గదిలో కుర్చీలోంచి లేవలేదు. ఆవిడకు సబ్జెక్టు బాగా వచ్చు. నలభై మంది ఒకేసారి తనవైపు చూస్తుంటే ఏం చేయాలో మాత్రం అంతకుముందు ఎప్పుడూ అనుభవంలోకి రాలేదు. మీరు ఎగ్గొట్టేది అదీ.

మైక్రో టీచింగ్‌లో తోటివాళ్లు పిల్లల్లా నటిస్తుంటే నవ్వొస్తోంది. దీనివల్ల ఉపయోగం ఉందా?

ఉంది, కానీ మీరు అనుకునే చోట కాదు. ఈ పద్ధతి 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దగ్గర వాడే నమూనాలో 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు సలహాలు, 12 నిమిషాలు మళ్లీ తయారీ, 6 నిమిషాలు మళ్లీ పాఠం, 6 నిమిషాలు మళ్లీ సలహాలు. మొత్తం 36 నిమిషాలు. ఒక్కసారికి ఒక్క నైపుణ్యమే తీసుకోవాలి: పాఠ్యాంశాన్ని పరిచయం చేయడమో, ప్రశ్నలడగడమో, నల్లబల్ల వాడకమో.

చాలామంది ఆ మొదటి 6 నిమిషాల మీదే ప్రాణం పెడతారు. అసలు విలువంతా రెండోసారి చెప్పడంలో ఉంది. స్నేహితురాలు "నువ్వు బోర్డుతోనే మాట్లాడావే" అంటే, 12 నిమిషాల్లో దాన్ని సరిచేసుకుని మళ్లీ నిలబడే అవకాశం ఉద్యోగంలో చేరాక ఎవరూ ఇవ్వరు. స్నేహం కొద్దీ "సూపర్‌గా చెప్పావు" అని రాసిచ్చే కాగితాలు మాత్రం దండగ.

## బడికి వెళ్లే ముందు

ఇంటర్న్‌షిప్ ఎన్నాళ్లు ఉంటుంది?

బీఈడీకి రెండేళ్లలో కలిపి 20 వారాలు. సాధారణంగా మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16 వారాలు. మీ విశ్వవిద్యాలయం వాటిని ఏ నెలల్లో పెట్టిందో కాలేజీలో కనుక్కోండి.

మొదటి రోజు ఏం తీసుకెళ్లాలి?

కాలేజీ ఇచ్చిన లెటర్, నీళ్ల సీసా, తెల్ల కాగితాలు, రెండు పెన్నులు. ప్రేయర్ బెల్లుకి పావుగంట ముందే హెచ్‌ఎం గారిని కలవండి. అసెంబ్లీలో ప్రతిజ్ఞ మిమ్మల్నే చెప్పించమని పీఈటీ గారు హఠాత్తుగా అడిగే అవకాశం బాగా ఉంది. మనకు నోటికి వచ్చనే అనుకుంటాం గానీ, మైకు ముందు రెండో వాక్యం దగ్గరే ఆగిపోయినవాళ్లను చూశాను. అది రాసింది మన తెలుగువాడే, నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో. పిల్లలకు ఈ ముక్క చెబితే సంతోషిస్తారు. చాలా పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉంటుంది గానీ ఆయన పేరు కనిపించదు.

లెసన్ ప్లాన్ ఎంత వివరంగా రాయాలి? రాసింది తరగతిలో ఒక్కసారి కూడా అలాగే జరగడం లేదు.

అలాగే జరగదు. జరగాల్సిన అవసరమూ లేదు. రికార్డు కోసం కాలేజీ అడిగిన గడులన్నీ నింపండి, అది తప్పదు. దాంతోపాటు మీ కోసం ఒక చిన్న చీటీ రాసుకోండి. అందులో ఉండాల్సింది రెండే: మీరు అడగబోయే మూడు ప్రశ్నలు, వాటికి పిల్లలు చెప్పగల తప్పు జవాబులు.

భిన్నాల కూడికే తీసుకోండి. 1/2 + 1/3 ఎంత అంటే తరగతిలో కనీసం పదిమంది 2/5 అంటారు. పైవి పైకి, కిందవి కిందికి కలిపేస్తారు. ఈ జవాబు వస్తుందని మీకు ముందే తెలిస్తే కంగారు ఉండదు. "తప్పు, కూర్చో" అనకుండా ఇలా అడగొచ్చు: "అర దోసె తిన్నావు. ఇంకో మూడో వంతు తిన్నావు. మొత్తం 2/5 తిన్నానంటున్నావు. 2/5 అంటే సగం కన్నా ఎక్కువా, తక్కువా?" ఒక నిమిషం గొడవ జరుగుతుంది. ఎవడో ఒకడు "తక్కువ టీచర్!" అని అరుస్తాడు. "మరి సగం తిన్నాక ఇంకాస్త తింటే సగం కన్నా తగ్గిందా?" ఆ నవ్వులోంచి సమాన హారాల అవసరం వాళ్లకే తెలుస్తుంది. ఇది ఏ గడిలో రాయాలో నాకూ తెలియదు. కానీ పాఠం అంటే అదే.

టీఎల్‌ఎం (బోధనోపకరణాల) కోసం థర్మాకోల్, చార్టులకే వేలు అయిపోతున్నాయి. తప్పదా?

తప్పుతుంది. పూర్ణసంఖ్యలు చెప్పడానికి నేను ఇప్పటికీ చింతగింజలే వాడతాను. అష్టాచెమ్మా ఆడటానికి ఒకవైపు అరగదీసినవి ఉంటాయి కదా, అవే. తెల్లవైపు ధనం, నల్లవైపు ఋణం. ఒక తెల్ల, ఒక నల్ల కలిస్తే సున్నా, రెండూ పక్కకు తీసేయాలి. +5, −3 కలపమంటే ఐదు తెల్లవి, మూడు నల్లవి పెట్టి, జతలు తీసేస్తే రెండు తెల్లవి మిగులుతాయి. గింజలు పిల్లలే ఇంటి నుంచి తెచ్చి అరగదీసుకుంటారు. మెరుపు కాగితాలు అంటించిన మోడల్ ఫొటోకి బాగుంటుంది గానీ, దాన్ని పిల్లల చేతికి ఇవ్వడానికి మనకే మనసొప్పదు. పిల్లాడు ముట్టుకోలేని టీఎల్‌ఎం ఎందుకు?

## తొలి వారం

మొదటి వారం పాఠం చెప్పనివ్వడం లేదు. వెనక బెంచీలో కూర్చుని చూడమంటున్నారు. టైమ్ వేస్ట్ కాదా?

నన్నడిగితే మొత్తం ఇంటర్న్‌షిప్‌లో ఇంతకన్నా విలువైన వారం లేదు. కాకపోతే టీచర్ని కాదు, పిల్లల్ని చూడాలి. ఒక కాగితం మీద బెంచీలు గీసుకుని ఎవరెక్కడ కూర్చున్నారో రాసుకోండి. టీచర్ ఎవరిని ప్రశ్న అడిగితే ఆ గడిలో ఒక చుక్క పెట్టండి. పిల్లవాడు తనంతట తాను మాట్లాడితే గీత పెట్టండి. పీరియడ్ అయ్యాక ఆ కాగితం చూస్తే మొదటి రెండు బెంచీల్లో చుక్కలు కుప్పగా ఉంటాయి. గోడ పక్క బెంచీలో వారమంతా ఒక్క చుక్క పడని పిల్ల ఉంటుంది.

కొన్నేళ్ల కింద ఒక ట్రైనీ నా తరగతిలోనే ఇలా గీసి, భయపడుతూ నాకు చూపించాడు. మూడో వరుసలో నలుగురు అమ్మాయిలను నేను ఆ వారం ఒక్కసారి కూడా పలకరించలేదు. అప్పటికి నాకు పద్నాలుగేళ్ల సర్వీసు. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

పిల్లలు "మేడమ్" అనకుండా "అక్కా" అంటున్నారు. గౌరవం తగ్గినట్టు కాదా?

వాళ్ల ఇళ్లలో ఇరవై రెండేళ్ల అమ్మాయిని అక్కా అనే పిలుస్తారు. రెండు రోజులు పోతే బీఈడీ మేడమ్ అంటారు, పది రోజులు పోతే మేడమ్ అంటారు. దాని గురించి క్లాసు తీసుకోకండి.

పీరియడ్ 45 నిమిషాలు. నా పాఠం 20 నిమిషాల్లో అయిపోయింది. మిగతా టైమ్ ఏం చేయాలో తెలియక చెమటలు పట్టాయి.

అందరికీ పడతాయి. కారణం కంటెంట్ తక్కువ కావడం కాదు. మీరు ప్రశ్న అడిగి, వెంటనే మీరే జవాబు చెప్పేసుకుంటున్నారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతులను రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు మెదపనివాళ్లూ మాట్లాడారు. మూడు సెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది, కానీ బోర్డు ముందు నిలబడ్డప్పుడు ఆ నిశ్శబ్దం యుగంలా ఉంటుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. అయినా టైమ్ మిగిలితే, ఇందాకటి లెక్కలాంటిదే ఒక లెక్క తయారుచేసి పక్కవాళ్లకు ఇవ్వమనండి. పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకునే లెక్కలు మనం ఇచ్చేవాటికన్నా కఠినంగా ఉంటాయి.

చాక్‌పీస్ కీచుమంటోంది, చేతిరాత వంకరగా పోతోంది.

చాక్‌పీస్‌ను సగానికి విరిచి, కాస్త వాల్చి పట్టుకోండి. కీచుశబ్దం పోతుంది. రాశాక ఒకసారి నడుచుకుంటూ ఆఖరి బెంచీ దాకా వెళ్లి, మీ రాత మీకు కనిపిస్తోందా చూసుకోండి.

బోర్డు మీద తప్పు చెప్పాను. పిల్లలు గమనించలేదు. వదిలేయనా?

వదిలేయకండి. నా టీచింగ్ ప్రాక్టీసులో ఆరో తరగతి పిల్ల ఒకతె "సున్నా సరి సంఖ్యా, బేసి సంఖ్యా?" అని అడిగింది. "రెండూ కాదు" అని ధీమాగా చెప్పేశాను. అందరూ నోట్సులో రాసుకున్నారు. సాయంత్రం హాస్టల్‌కి వెళ్లాక అనుమానం వచ్చి ఆలోచిస్తే, రెండుతో భాగిస్తే శేషం రాదు కదా, సున్నా సరి సంఖ్యే. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పీరియడ్ మొదట్లోనే "నిన్న నేను చెప్పింది తప్పు" అన్నాను. పరువు పోతుందనుకుంటే, ముందు బెంచీ వాడు మాత్రం "అయితే కొట్టెయ్యాలా టీచర్? స్కేలుతోనా, చేత్తోనా?" అని అడిగాడు. వాళ్లకు అంతే. కొట్టేసి ముందుకెళ్లాం.

## ఇంటర్న్‌షిప్ నడుమ

క్లాసు కంట్రోల్ కావడం లేదు. బెత్తం పట్టుకోమని ఒక సార్ చెప్పారు. పట్టుకోవచ్చా?

వద్దు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. గుంజీలు తీయించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, "మీ నాన్న ఏం చేస్తాడురా" అని అందరి ముందూ ఎగతాళి చేయడం అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ సార్‌కి ఏమీ కాకపోవచ్చు, ట్రైనీకి మాత్రం అండగా ఎవరూ నిలబడరు.

ఇక గోల సంగతి. ముందు అది ఏ రకం గోలో వినండి. లెక్క గురించి వాదులాడుకుంటుంటే అది గోల కాదు. పని లేక మాట్లాడుకుంటుంటే పని ఇవ్వాలి. మీరు గొంతు పెంచితే వాళ్లూ పెంచుతారు, సాయంత్రానికి మీకు గొంతు పోతుంది. మాట్లాడుతూనే నడుచుకుంటూ వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడి పాఠం కొనసాగించండి. పేరు తెలిస్తే ఇంకా సులువు: "ఏయ్ నువ్వు, బ్లూ షర్టు" అంటే యూనిఫాంలో ఉన్న వాళ్లందరూ చూస్తారు. మొదటి వారంలో రోజుకు పది పేర్లు నేర్చుకోండి.

పదో తరగతి అబ్బాయిలు కొందరు వెనక నుంచి కామెంట్లు చేస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

మీ మెంటర్‌కి, అంటే బడిలో మీకు కేటాయించిన టీచర్‌కి, ఆ రోజే చెప్పండి. "కొత్తదాన్ని, నేనే సరిగ్గా ఉండాలేమో" అని లోపల పెట్టుకోకండి, అది మీ తప్పు కాదు. మెంటర్ తేలిగ్గా తీసుకుంటే హెచ్‌ఎం గారికి చెప్పండి. కాలేజీ సూపర్‌వైజర్‌కి కూడా తెలియాలి. తరగతిలో మాత్రం జోకుగా తీసుకున్నట్టు నవ్వకండి. మీ వ్యక్తిగత ఫోన్ నంబరు, ఇన్‌స్టాగ్రామ్ పేరు ఏ విద్యార్థికీ ఇవ్వకండి, ఎంత బుద్ధిమంతులైనా సరే.

పిల్లలతో దిగిన ఫొటోలు స్టేటస్ పెట్టుకోవచ్చా? రీల్ చేయొచ్చా?

హెచ్‌ఎం, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వద్దు. పిల్లాడు తప్పు జవాబు చెప్పిన వీడియో మీకు ముద్దుగా ఉంటుంది. ఊళ్లో వాడికి అదే పేరు పడిపోతుంది.

ఇంగ్లిష్ మీడియం క్లాసు ఇచ్చారు. నేను తెలుగు మీడియంలో చదివాను. టెన్షన్‌గా ఉంది.

పిల్లల్లో ఎక్కువమంది పరిస్థితీ అదే, పైకి చెప్పరంతే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు. ముందురోజు రాత్రి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదువుకోండి. తరగతిలో పదాలు ఇంగ్లిష్‌లో చెప్పండి, విషయం తెలుగులో వివరించండి, చివర్లో ఒక్క వాక్యం పిల్లలతోనే ఇంగ్లిష్‌లో చెప్పించండి. బట్టీ పట్టిన ఇంగ్లిష్‌లో గడగడా చెప్పి బయటికొచ్చిన పాఠం ఎవరికీ అందదు.

ఏజెన్సీ బడి పడింది. చిన్న తరగతుల పిల్లలకు తెలుగు సరిగ్గా రాదు, నాకు వాళ్ల భాష రాదు.

వాళ్లకు భాష వచ్చు, మీకు రాదు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. అంకెలు, రా, కూర్చో, నీళ్లు, అర్థమైందా లాంటి మాటలు పిల్లల్నే అడిగి తెలుగు లిపిలో రాసుకోండి. మీరు తప్పుగా పలికితే వాళ్లు పడీపడీ నవ్వుతారు, నవ్వనివ్వండి. టీచర్ కూడా నేర్చుకుంటున్నారని తెలిశాక తెలుగులో తప్పు మాట్లాడటానికి వాళ్లకూ భయం పోతుంది. గోండి, కోయ, కొలామి, సవర, కువి వంటి భాషల్లో ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రాథమిక తరగతులకు పుస్తకాలు వేశారు. బడి బీరువాలో అడుగున ఉండొచ్చు, అడిగి తీయించండి.

మా మెంటర్ క్లాసులన్నీ నాకే వదిలేసి స్టాఫ్ రూమ్‌లో ఉంటున్నారు. లీవులో ఉన్న టీచర్ల పీరియడ్లూ నాకే వేస్తున్నారు.

ఇది ఉన్నమాటే, దాచడం ఎందుకు. ట్రైనీ వస్తే మాకు కాస్త ఊపిరాడుతుంది. పదో తరగతి రివిజన్లు, ఆన్‌లైన్ వివరాలు నింపడం, మధ్యాహ్న భోజనం లెక్కలు, వీటి మధ్య ఇంకో మనిషి దొరకడమే పండగ. కానీ మీరు నేర్చుకోవడానికి వచ్చారు. "వారానికి రెండు పీరియడ్లు మీరు వెనక కూర్చుని చూసి చెప్పండి మేడమ్, నాకు అవసరం" అని మర్యాదగా, రోజు కూడా మీరే చెప్పి అడగండి. ఇలా అడిగితే కాదనే టీచర్ని నేను చూడలేదు. అడగని ట్రైనీలనే ఎక్కువగా చూశాను.

సూపర్‌వైజర్ వచ్చే రోజు కోసం పిల్లలకు జవాబులు ముందే నేర్పించి పెట్టుకోవచ్చా?

అందరూ చేస్తారు. అది సూపర్‌వైజర్‌కీ తెలుసు, ఆయనా ఒకప్పుడు ట్రైనీనే. ప్రశ్న సగంలో ఉండగానే పదిహేను చేతులు లేస్తే ఇంకెవరికి తెలియదు? దానికి బదులు పిల్లలకు నిజం చెప్పండి: "రేపు మా సార్ వచ్చి నా పాఠం చూస్తారు." ఆ రోజు అల్లరివాడు కూడా మీ తరఫున బుద్ధిగా కూర్చుంటాడు. నాకైతే ఏటా ఇది చూడముచ్చటగా ఉంటుంది.

## రికార్డులు, ఆ తర్వాత

సీనియర్ల రికార్డులు చూసి రాసేస్తే ఏమవుతుంది?

మార్కులు పడతాయి, చేయి నొప్పి పుడుతుంది. అన్నీ సొంతంగా రాయలేకపోతే కనీసం కేస్ స్టడీ, యాక్షన్ రీసెర్చ్ ఈ రెండైనా మీ తరగతి నుంచి రాయండి. పెద్ద సమస్య అక్కర్లేదు. "సోమవారం ఐదుగురు ఎందుకు రావడం లేదు" అన్నది చాలు. వాళ్ల ఇళ్లకు వెళ్లి కనుక్కుంటే ఒకరికి సంత, ఒకరికి చెల్లెల్ని చూసుకోవడం, ఒకరికి ఉతికిన యూనిఫాం ఆరకపోవడం అని తేలొచ్చు. పిల్లల అసలు పేర్లు మాత్రం రాయకండి.

టెట్‌కి (ఉపాధ్యాయ అర్హత పరీక్షకి) ఇప్పటి నుంచే చదవాలా?

చదవండి, కానీ ఇంటర్న్‌షిప్ మానేసి కోచింగ్‌కి వెళ్లకండి. టెట్‌లో 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. అర్హతకు జనరల్‌కు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం రావాలి. టీచర్ పోస్టుల నియామక పరీక్ష డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి, పాసైతే చాలులే అనుకోకూడదు. 2021 నుంచి టెట్ సర్టిఫికెట్ జీవితకాలం చెల్లుతుంది. టెట్‌లో 30 మార్కులు శిశు వికాసానికి, పెడగాజీకి (బోధనాశాస్త్రానికి) ఉంటాయి. పిల్లలు ఎలా నేర్చుకుంటారో సిద్ధాంతాలు చెప్పిన వైగోట్‌స్కీ, పియాజే పేర్లు బట్టీ పట్టేవాళ్లు, సాయంత్రం మీ తరగతిలో చూసిన ఒక పిల్లాడిని ఆ సిద్ధాంతం పక్కన రాసుకోండి. మరిచిపోరు.

ఆఖరి రోజు పిల్లలు ఏడుస్తున్నారు, నాకూ ఏడుపొస్తోంది. గిఫ్టులు తెస్తున్నారు, తీసుకోవచ్చా?

గులాబీలు, చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డులు తీసుకోండి. డబ్బు పోగుచేసి కొన్నవి ఉంటే హెచ్‌ఎం గారికి చెప్పి బడికే ఇచ్చేయండి. ఏడవడం మీ ఇష్టం. కానీ ఆ హడావుడిలో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద హెచ్‌ఎం గారి సంతకం, బడి ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోకండి. తర్వాత తీసుకుందాంలే అని వెళ్తే, మీరు వెళ్లిన ప్రతిసారీ హెచ్‌ఎం గారు ట్రైనింగ్‌లోనో, ఎంఈఓ ఆఫీసులోనో ఉంటారు.